రెండు రూపాయల వడ్డీ

మా బావకు ఖమ్మంలో ఎరువుల దుకాణం ఉంది. ఒక ఏడాది తొలకరికి ముందు సరుకు దించడానికి డబ్బు చాలక, తెలిసిన షావుకారు దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. ఆ సంగతి అక్క నోట విని ఊరుకోలేకపోయాను. ఫోన్ చేసి మరీ క్లాసు పీకాను. "రెండు రూపాయలంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం బావా! బ్యాంకులుండగా ఇదేం ఖర్మ? ఇలాంటి వడ్డీలు కట్టి బాగుపడ్డవాడు మన చుట్టాల్లో ఒక్కడున్నాడా?" అన్నాను. "సీజను అయిపోగానే పారేస్తాలేవయ్యా" అని నవ్వాడాయన. అన్నట్టే రైతుల దగ్గర డబ్బులు రాగానే అసలూ వడ్డీ కలిపి తీర్చేశాడు.

నేనా క్లాసు పీకుతున్న నాటికి సరిగ్గా అదే వడ్డీ మీద నేనూ అప్పులో ఉన్నాను. బావకన్నా ఎక్కువ కాలంగా ఉన్నాను. ఆ సంగతి నాకు తెలియదు. తెలియజేయలేదని ఎవరినీ అనడానికి లేదు. కాగితాలు వచ్చాయి, ఫోనుకు మెసేజీలు వచ్చాయి, బిల్ కలెక్టరు కూడా వచ్చాడు. తెలియకపోవడమన్నది పూర్తిగా నా సొంత కృషి.

నాన్న 2017 మార్చిలో పోయారు. మల్కాజిగిరి వైపు ఆయన కట్టిన ఇల్లొకటి మాకు మిగిలింది. మూడు అంతస్తులు, మధ్యలో మేము, కిందా పైనా అద్దెకు. ఆయన ఇల్లు కట్టుకున్నప్పుడు మల్కాజిగిరి ఒక విడి మున్సిపాలిటీ. 2007లో పన్నెండు మున్సిపాలిటీలను, ఎనిమిది పంచాయతీలను హైదరాబాదులో కలిపి గ్రేటర్ అన్నారు. మేం కదలకుండానే మహానగరవాసులమైపోయాం. నాన్న ఆ మహానగరాన్ని రోజూ తిట్టేవారు, ఏటా ఏప్రిల్లో మాత్రం వెళ్లి పన్ను కట్టి వచ్చేవారు. ఆ రసీదును తలుపు వెనక వేలాడే ఇనుప ఊచకు గుచ్చేవారు. కరెంటు బిల్లులు, నీళ్ల బిల్లులు, గ్యాసు చీటీలు అన్నీ అదే ఊచకు. పైనున్న కాగితం ఎప్పుడూ తాజాది. ఆయన పోయాక ఆ ఊచ మీద కొత్త కాగితం పడలేదు. 2016-17 రసీదు దుమ్ము పట్టి, గుచ్చిన చోట తుప్పు మరకతో, ఆరేళ్లపాటు పైనే ఉండిపోయింది.

మా పన్ను ఏడాదికి 18,000. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక సగం, అక్టోబరు నుంచి మార్చి దాకా ఇంకో సగం. మొదటి తొమ్మిది వేలు జులై 31 లోపు, రెండో తొమ్మిది వేలు అక్టోబరు 15 లోపు కట్టాలి. రెండూ కలిపి ఏప్రిల్ నెలాఖరులోగా కట్టేస్తే ఐదు శాతం తగ్గిస్తారు. దానికి ఎర్లీ బర్డ్ అని పేరు. మా లెక్కకు తొమ్మిది వందలు. "తొమ్మిది వందల కోసం ఏడాది డబ్బు ముందే పొయ్యాలా?" అని నేను తీసిపారేశాను. ఇప్పుడు కూర్చుని లెక్క వేస్తే సిగ్గేస్తుంది. మొదటి సగం మూడు నెలల ముందు, రెండో సగం అయిదున్నర నెలల ముందు కడుతున్నాం. సగటున నాలుగు నెలల చిల్లర. దానికి నూటికి ఐదు ఇస్తున్నారంటే నెలకు రూపాయి పైమాటే. నా డబ్బుకు రూపాయి పైన వడ్డీ ఇచ్చిన బ్యాంకు నా ఎరుకలో లేదు. తీసుకునేటప్పుడు రెండు రూపాయలు తీసుకునే సర్కారు ఇచ్చేటప్పుడు రూపాయి పైన ఇస్తోంది. షావుకార్ల లోకంలో అది మర్యాదైన బేరమే.

ఇంటి అద్దెల లెక్క నా చేతిలో ఉండేది. అక్కతో ఒప్పందం ఏమిటంటే, వచ్చిన అద్దెల్లోంచి మరమ్మతులు, ఇంటి పన్ను తీసేసి మిగిలింది చెరి సగం. "పన్ను సంగతి నేను చూసుకుంటాలే అక్కా" అన్నాను. చూసుకున్నాను కూడా. ఏటా లెక్క రాసి పంపేటప్పుడు 'ఇంటి పన్ను 18,000' అని ఒక గీత రాసి ఆ మేరకు తగ్గించేవాణ్ణి. ఆ డబ్బు తినలేదు. అది చెప్పుకోవాలి, ఎందుకంటే నేను చెప్పుకోగలిగింది అదొక్కటే. ఏటా దాన్ని తీసుకెళ్లి బ్యాంకులో ఎఫ్‌డీ వేశాను.

ఎందుకు వేశానన్నది అసలు కథ.

బకాయి మీద 2 శాతం పడుతుందన్న మాట నా చెవిన పడకపోలేదు. శాతం అనగానే నా బుర్ర బ్యాంకులోకి వెళ్లింది. బ్యాంకులో శాతమంటే ఏడాదికి. బజార్లో రూపాయంటే నెలకు. ఈ రెండు లెక్కలూ బుద్ధెరిగినప్పటి నుంచి నా తలలో పక్కపక్క గదుల్లో కాపురం ఉన్నాయి గానీ మధ్యలో తలుపు లేదు. బావ అప్పు రూపాయల గదిలోది కనుక తక్షణం పన్నెండుతో గుణించి ఇరవై నాలుగన్నాను. కార్పొరేషన్ వాళ్లది శాతాల గదిలోది కనుక ఏడాదికి రెండే కదా అనుకున్నాను. ఎఫ్‌డీ మీద ఆరున్నర వస్తోంది, వీళ్లకు రెండు పోతుంది, నికరంగా నాలుగున్నర లాభం. ఇంత సులువైన సంగతి మా వీధిలో ఎవరికీ తట్టలేదే అని ఆశ్చర్యపోయాను. నోటీసులో 'నెలకు' అన్న మాట ఉంది. రెండు అంకె చూసిన సంతోషంలో పక్కనున్న మాట చదవలేదు.

ఎదురింట్లో ఒక రిటైర్డ్ పోస్టుమాస్టరుగారు ఉండేవారు. కొత్త ఆర్థిక సంవత్సరం మొదటి వారంలోనే పన్ను కట్టేసే మనిషి. ఆన్‌లైన్లో కట్టొచ్చని కొడుకు చెప్పినా వినకుండా మీసేవకు నడిచి వెళ్లి, రసీదు మీద ముద్ర సరిగా పడిందో లేదో చూసుకుని వచ్చేవారు. ఒక ఏప్రిల్లో గొడుగు వేసుకుని తిరిగొస్తుంటే పలకరించి, నా ఎఫ్‌డీ సిద్ధాంతం ఆయనకు వివరించబోయాను. ఆయన నిలబడి అంతా విని, "అట్లాగా" అన్నారు. పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు వడ్డీ పాసుబుక్కులు రాసిన మనిషి ఆ 'అట్లాగా'లో ఏం దాచి ఉంచారో అప్పుడు నాకు అర్థం కాలేదు. పొగడ్త అనుకున్నాను.

సాకులకు కరువేముంది. మొదటి సాకు, నోటీసు నాన్న పేరున వస్తోంది. "చచ్చిపోయిన మనిషి పేరున నోటీసు పంపితే నేనెట్లా కడతాను? ముందు పేరు మార్చమనండి" అన్నాను. పేరు మార్చాలంటే, అంటే మ్యుటేషన్ కావాలంటే, బకాయిలు ఉండకూడదు. బకాయి కడదామంటే పేరు మారలేదు. ఈ గుండ్రటి దారి దొరికాక అందులోనే హాయిగా తిరిగాను. నిజానికి పన్ను ఇంటి మీద ఉంటుంది, మనిషి మీద కాదు. పన్ను బకాయి ఆస్తి మీద మొదటి హక్కుగా నిలుస్తుందని చట్టం. ఇంటికో నంబరు ఇస్తారు, పీటీఐఎన్ అంటారు. ఆ నంబరు కొట్టి ఎవరు కట్టినా డబ్బు పుచ్చుకుంటారు. కట్టేవాడు కొడుకా, అల్లుడా, దారిన పోయే దానయ్యా అని అడగరు.

రెండో సాకు నిరసన. 2020 అక్టోబరు వానలకు ఊరు ఊరంతా మునిగింది. మా కింది వాటాలోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. అద్దెకున్నవాళ్ల బీరువా ఉబ్బి తలుపు పడలేదు. ఆ తర్వాత ఎవరు పన్ను మాట ఎత్తినా, "నాలాలు బాగు చెయ్యనివాళ్లకు పన్నెందుకు కట్టాలి?" అని గట్టిగా అనేవాణ్ణి. వినేవాళ్లు తలూపేవారు. వరద వచ్చింది 2020లో, నేను పన్ను మానేసింది 2017లో అన్న చిన్న తేడాను ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. ఒక అబద్ధాన్ని పదిసార్లు చెప్పేసరికి నాకే ఉద్యమకారుడినన్న భ్రమ కలిగింది.

ఇంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఊరి లైబ్రరీలకు వెళ్లాల్సిన డబ్బు అది. మా పేట లైబ్రరీలో వారపత్రికలు తగ్గించేశారని, ఫ్యాన్లు తిరగడం లేదని నేనో సుదీర్ఘమైన ఉత్తరం రాసి, నలుగురి చేత సంతకాలు పెట్టించి ఇచ్చాను. మొదటి సంతకం నాది. ఆ నలుగురిలో పోస్టుమాస్టరుగారు కూడా ఉన్నారు. ఆయన పైసలు మాత్రం ఏటా అక్కడికి చేరాయి.

2020 ఆగస్టులో ప్రభుత్వం వన్ టైమ్ సెటిల్‌మెంట్ పెట్టింది. పాత బకాయిల అసలు మొత్తం ఒకేసారి కట్టేస్తే వడ్డీలో 90 శాతం మాఫీ, పది శాతం కడితే చాలు. ఓటీఎస్ అని పేపర్ల నిండా వచ్చింది. నేను చదివి నవ్వుకున్నాను. ఏడాదికి రెండు శాతంలో తొంభై శాతం మాఫీ అయితే ఎంత, కాకపోతే ఎంత? నా ఎఫ్‌డీ ఎందుకు కదిలించాలి? అదే ఏడాది చివర్లో కార్పొరేషన్ ఎన్నికలొచ్చాయి. వాటికి ముందు, పదిహేను వేల లోపు పన్నున్న ఇళ్లకు ఆ ఏడాది పన్నులో సగం రాయితీ ప్రకటించారు. మాది పద్దెనిమిది కావడంతో ఆ భాగ్యం తప్పిపోయింది. కానీ ఒక పాఠం మాత్రం నా మనసులో గట్టిగా నాటుకుంది: ఎన్నికలొస్తే పన్ను తగ్గుతుంది. ఆ పాఠమే తర్వాత నా కొంప ముంచింది.

2022లో మళ్లీ ఓటీఎస్ వచ్చింది. ఈసారి బిల్ కలెక్టరు మెట్లెక్కి వచ్చి కాగితం చేతిలో పెట్టాడు. కుర్రాడు, మర్యాదస్తుడు. "సార్, ఒకసారి వడ్డీ కాలమ్ చూడండి" అన్నాడు. చూశాను. అసలు తొంభై వేలైతే వడ్డీ అరవై వేలు దాటింది. మిషన్ పొరపాటు అనుకున్నాను. కుర్రాణ్ణి పంపించేసి, కాగితం పట్టుకుని పోస్టుమాస్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, పెన్సిల్ తీసి, కాగితం వెనక లెక్క వేసి చూపించారు.

ఆ లెక్క ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. ఒక్కో అర్ధ సంవత్సరపు పన్నూ ఒక విడి అప్పు. 2017 మొదటి తొమ్మిది వేల మీద నెలకు 180 చొప్పున ఆ ఆగస్టు నుంచే మొదలైంది. దాని వెనకే రెండో తొమ్మిది వేలు, వాటి మీద ఇంకో 180. అట్లా పది అప్పులు ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నాయి. చక్రవడ్డీ కాదు, బారువడ్డీయే. అయినా యాభై నెలలు నిండేసరికి వడ్డీ అసలుతో సమానమవుతుంది. పాత అప్పులు కొన్ని అప్పటికే అసలును దాటేసి ముందుకు పోయాయి. అక్టోబరు నాటికి కడితే వడ్డీ 67,500 అవుతుంది, ఓటీఎస్‌లో 6,750 కట్టి బయటపడొచ్చు అని చెప్పి, ఆయన పెన్సిల్ కింద పెట్టారు.

"మాస్టారూ, మీకప్పుడే తెలుసు కదా, చెప్పలేదేం?" అన్నాను.

"నువ్వు నాకు వడ్డీ లెక్కలు చెబుతున్నావు కదా బాబూ, మధ్యలో అడ్డం రావడం ఎందుకని" అన్నారాయన. తర్వాత కాస్త చిరాగ్గానే, "అయినా నష్టం నాకే. ఏప్రిల్లో కట్టే నాబోటివాడికి ఐదు శాతం. కట్టని నీబోటివాడికి తొంభై" అన్నారు.

ఆయన మాటలో న్యాయం ఉంది. పదో వంతు వడ్డీ అంటే నెలకు నూటికి ఇరవై పైసలు, ఏడాదికి రెండు రూపాయల నలభై పైసలు. ఎఫ్‌డీ మీద ఆరు వస్తుంటే, ఓటీఎస్ దాకా ఆగి కట్టినవాడు లాభపడ్డట్టే. నేను పొరపాటున అనుకున్న ఏడాదికి రెండు శాతాన్ని ప్రభుత్వం ఓటీఎస్ పేరుతో దాదాపు నిజం చేసి నా ముందు పెట్టింది. తప్పు లెక్క వేసినవాడికి కూడా సరైన జవాబు వచ్చేట్టు సాయం చేసింది. వరసలో నిలబడి కట్టినవాళ్లను వెర్రివాళ్లను చేసే పద్ధతి ఇదని నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ అదే అంటాను. కానీ అది నేను ఫిర్యాదు చేయాల్సిన సంగతి కాదు. ఆ ఫిర్యాదు పోస్టుమాస్టరుగారిది. నా వంతు, అసలుతో పాటు ఆ పదివేల లోపు వడ్డీ కట్టి దణ్ణం పెట్టి రావడం.

రాలేదు. అక్కడిదాకా తెలియక చేశాను, అక్కణ్ణుంచి తెలిసే చేశాను. మొదటి కారణం, ఎఫ్‌డీ గడువుకు ముందు తీస్తే బ్యాంకు వడ్డీలో ఒక శాతం కోస్తుంది. నెలకు రెండు శాతం పోతున్నవాడు ఏడాదికి ఒక శాతం పోతుందని బెంగపడటం ఎక్కడైనా ఉంటుందా? మా ఇంట్లో ఉంది. రెండో కారణం ఇంకా తెలివైనది. 2023లో అసెంబ్లీ ఎన్నికలు. తొంభై ఇచ్చినవాళ్లు ఎన్నికల ముందు వంద ఇవ్వరా? 6,750 కూడా మిగిలిపోతుంది! ఆ ఆరు వేల కోసం అరవై వేలను పందెం కాశాను. పేకాటలో ఇట్లా ఆడేవాణ్ణి పక్కన కూర్చున్నవాళ్లే లేపి ఇంటికి పంపిస్తారు. ఇంట్లో కూర్చుని ఒంటరిగా ఆడేవాణ్ణి లేపేదెవరు?

మా ఆవిడకు ఇందులో ఏదీ తెలియదు. రెడ్ నోటీసు వచ్చిన రోజున దాన్ని ఎల్ఐసీ ఫైల్లో, పాలసీ కాగితాల మధ్య పెట్టాను. ఆ ఫైలు నేను పోయాకే తెరుస్తారని నా ధైర్యం. ఒకప్పుడు బకాయిదారుల వాకిళ్ల ముందు చెత్తకుండీలు తెచ్చి పెట్టారని పేపర్లో చదివి ఉన్నాను. ఆ ఏడాదంతా పొద్దున్నే పాల ప్యాకెట్టుకు దిగినప్పుడు ముందు గేటు బయటికి తొంగి చూసేవాణ్ణి.

2023 వేసవిలో అక్క ఫోన్ చేసింది. మేనకోడలి పైచదువుకు డబ్బు కావాలి, ఇల్లు అమ్మేద్దాం అంది. నాకూ ఆ మూడంతస్తుల మెట్లు బరువయ్యాయి. కొనేవాళ్లు త్వరగానే కుదిరారు. వాళ్లకు బ్యాంకు లోను. బ్యాంకు లాయరు పంపిన జాబితాలో లింకు డాక్యుమెంట్లు, ఈసీ, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, వాటి కింద ఒక వరస: తాజా ఇంటి పన్ను రసీదు, బకాయి లేనట్టు. జులై నెల. ఎన్నికలు నవంబరులో. కొనేవాళ్లు నవంబరు దాకా ఆగరు. మాఫీ ఊసు ఎక్కడా లేదు.

మాట్లాడుకోవడానికి అక్కా బావా ఖమ్మం నుంచి వచ్చారు. భోజనాలయ్యాక కాగితాలన్నీ టేబుల్ మీద పరిచాం. ఎల్ఐసీ ఫైలు తియ్యక తప్పలేదు. పన్ను కాగితం నేను తిరగేసి పెట్టాను గానీ, దుకాణదారుడి చెయ్యి ముందు అంకెలున్న కాగితం మీదకే పోతుంది. బావ దాన్ని తిప్పి చూశాడు. అసలు 1,08,000. వడ్డీ 87,480. నడుస్తున్న ఏడాదిది పద్దెనిమిది వేలు అదనం.

వేలితో వరస వరసా చూసుకుంటూ కిందిదాకా వచ్చి, "నూటికి రెండు" అన్నాడు, నెమ్మదిగా, ధర కనుక్కున్నట్టు. కాసేపాగి, "బావమరిదీ, నాకొక మాట చెప్పాల్సింది. తెలిసినవాళ్ల దగ్గర రూపాయిన్నరకు ఇప్పించేవాణ్ణి" అన్నాడు.

ఆయన ఎగతాళి చెయ్యలేదు. నిజంగానే అన్నాడు. ఎగతాళి అయితే ఏదో ఒకటి తిరిగి అనగలిగేవాణ్ణి.

అక్క ఏమీ అనలేదు. ఆమె సంచిలోంచి ఒక పాత డైరీ తీసింది. నేను పంపిన లెక్కలన్నీ అందులో ఎక్కించుకుని ఉంది. ఏడాది వారీగా 'ఇంటి పన్ను 18,000' అన్న గీతలు ఆరు. "కట్టావనుకున్నాన్రా" అంది. ఎఫ్‌డీ కాగితాలు తెచ్చి ముందు పెట్టాను, డబ్బు ఎక్కడికీ పోలేదని. వాటి మీద వచ్చిన వడ్డీ ఇరవై వేల చిల్లర. బావ ఆ చిల్లరనూ ఈ ఎనభై ఏడు వేలనూ మార్చి మార్చి చూసి, తీసివేత మనసులోనే చేసుకుని, మర్యాదకి పైకి చెప్పలేదు. మా ఆవిడ కాఫీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది. లోపల కప్పులు కడుగుతున్న చప్పుడు మామూలు కన్నా చాలాసేపు వినిపించింది.

"వడ్డీలో సగం నా వాటాలోంచి తీసుకో" అంది అక్క. తీసుకోలేదు. ఈ కథలో నేను చేసిన సరైన పని అదొక్కటే. అదీ బావ కళ్ల ముందు కాబట్టి చేశానేమోనన్న అనుమానం ఇప్పటికీ తీరలేదు.

మర్నాడు సిటిజన్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి మొత్తం కట్టాను. ఆన్‌లైన్లో కట్టొచ్చు, కానీ కౌంటర్లో మనిషిని అడిగితే ఏదైనా తగ్గుతుందేమోనని చివరి ఆశ. నా ముందు ఒకావిడ నూట ఒక్క రూపాయి కట్టి రసీదు తీసుకుంది. ఏడాది పన్ను పన్నెండు వందల లోపు పడే ఇళ్లకు 101 కడితే చాలన్న నియమం ఉంది. నా వంతు వచ్చింది. తగ్గింపు ఏమైనా ఉందా అని గొంతు తగ్గించి అడిగాను. కౌంటర్లో అమ్మాయి స్క్రీన్ చూసి, "లాస్ట్ ఇయర్ ఉండె కదా సార్, ఓటీఎస్. మీకు మెసేజ్ రాలేదా?" అంది. వచ్చిందని చెప్పడానికి నోరు రాలేదు. రాలేదని చెప్పి, ఇంకో అబద్ధం ఆ ఖాతాలో వేసుకున్నాను.

నాన్న ఆరేళ్లూ బతికుండి ఏప్రిల్ ఏప్రిల్‌కు కట్టి ఉంటే రాయితీ పోను 1,02,600 అయ్యేది. నేను కట్టింది 1,95,480. తేడా తొంభై మూడు వేలకు ఒక నూట ఇరవై తక్కువ.

ఎన్నికలకు ముందు మాఫీ రాలేదు. ఎన్నికలయ్యాయి, ప్రభుత్వం మారింది. 2024 మార్చిలో పేపర్ తీస్తే, ఇంటి పన్ను బకాయిల వడ్డీలో 90 శాతం మాఫీ, నెలాఖరు దాకా గడువు. నాకు ఇల్లే లేదు, మాఫీ చేయించుకోవడానికి. 2025 మార్చిలోనూ మళ్లీ ఇచ్చారు. ఆ వార్త పోస్టుమాస్టరుగారు ఫోన్ చేసి మరీ చదివి వినిపించారు. వీధి మారినా నా ఆర్థిక విద్య మీద ఆయనకు ఆసక్తి పోలేదు. "నేను కూడా ఒక ఏడాది మానేసి చూద్దామనుకుంటున్నానయ్యా" అన్నారు. ఎనభై దాటిన మనిషి. మానెయ్యరని ఇద్దరికీ తెలుసు.

నా వాటా డబ్బుతో కొన్న ఫ్లాటు మా ఆవిడ పేరున ఉంది. ఏప్రిల్ మొదటి వారంలో ఆవిడే ఫోన్లో పన్ను కట్టేస్తుంది. మొన్న రసీదు చూడొచ్చా అని అడిగితే, "కట్టేశాను, మీకెందుకు?" అంది. ఇంటి పీటీఐఎన్ నంబరు ఎంతో నాకింతవరకూ చెప్పలేదు.